సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరిందని నమ్మేయకండి

వాడిన కారు కొనాలనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. మేము కొన్న కారు స్టీరింగ్ మీద ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉంది. లోపల బ్యాగు లేదు.

అమ్మినతను "ఒక్క యాక్సిడెంట్ కూడా కాలేదు, అన్నీ కంపెనీవే" అని పదే పదే చెప్పాడు. తాళం తిప్పితే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగేది, కొన్ని సెకన్లకి ఆరిపోయేది. అలా ఆరిందంటే అంతా బాగున్నట్టే కదా, ఎవరైనా అంతే అనుకుంటారు.

హారన్ సరిగా మోగట్లేదని వర్క్‌షాప్‌లో ఇచ్చినప్పుడు అసలు సంగతి బయటపడింది. మెకానిక్ స్టీరింగ్ మధ్య కవరు తీసి నన్ను పిలిచి చూపించాడు. అది ఉత్త ప్లాస్టిక్ మూత. బ్యాగుకి తగిలించాల్సిన పసుపు రంగు కనెక్టర్‌లో నల్ల టేపు చుట్టిన ఒక చిన్న రెసిస్టర్ గుచ్చి ఉంది. ఎయిర్‌బ్యాగ్‌ని పేల్చే ఇగ్నైటర్ రెసిస్టెన్స్ రెండు మూడు ఓమ్‌లు ఉంటుంది. దాని బదులు అంతే విలువున్న రెసిస్టర్ పెడితే, బ్యాగుని ఎప్పుడు పేల్చాలో చూసే కంట్రోల్ యూనిట్ బ్యాగు ఉందనుకుని లైటు ఆర్పేస్తుంది. స్కానర్ పెట్టినా ఆ సర్క్యూట్‌లో ఫాల్ట్ కనపడదు. కొంతమంది అయితే ఆ లైటు వైరుని పక్కనున్న ఇంకో లైటుకి కలిపేస్తారట. రెండూ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరుతుంటే అనుమానించాల్సిందే.

సీటుబెల్టు సంగతి తెలిశాక మాత్రం నాకు నిజంగా వణుకు పుట్టింది. డ్రైవర్ వైపు బకిల్ పక్క సీటు బకిల్ కంటే కిందికి దిగిపోయి, దాని కింది రబ్బరు తొడుగు మడతలు పడి ఉంది. అంటే గుద్దుకున్నప్పుడు బెల్టుని బిగించే ప్రిటెన్షనర్ ఎప్పుడో పేలిపోయింది. అది ఒక్కసారే పనిచేస్తుంది, తర్వాత మార్చాల్సిందే. వీళ్లు మార్చలేదు.

బ్యాగు, బెల్టు ఈ రెండూ వేర్వేరు సదుపాయాలు కావు, ఒకదాన్ని నమ్ముకునే రెండోదాన్ని తయారుచేస్తారు. కారు ఎదురుగా గట్టిగా గుద్దుకుందని సెన్సర్ గుర్తించగానే ప్రిటెన్షనర్‌లోని చిన్న మందు పేలి, బెల్టులోని వదులంతా ఒక్క గుంజుతో లాగేస్తుంది. సెకనులో వందో వంతులో మనిషి సీటుకి అతుక్కుపోతాడు. బ్యాగు సుమారు 30 మిల్లీసెకన్లలో నిండుతుంది. మన తల దాన్ని తాకే సమయానికి అది పూర్తిగా ఉబ్బి, వెనక రంధ్రాల్లోంచి గ్యాస్ వదులుతూ ఉండాలి. అప్పుడే మెత్తగా ఆపుతుంది. బెల్టు లేని మనిషి ముందుకి జారి, గంటకి దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో దూసుకొస్తున్న బ్యాగుకే ఎదురెళ్తాడు. ఆ దెబ్బకి ప్రాణాలు పోవచ్చు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. గుద్దిన బలం ఒక హద్దు దాటితే సీటుబెల్టులోనే ఉండే లోడ్ లిమిటర్ అనే భాగం బెల్టుని కొంచెం కొంచెంగా వదులుతుంది, పక్కటెముకలు విరగకుండా. ముందు బ్యాగు పట్టుకుంటుందన్న లెక్కతోనే అలా వదులుతుంది. బ్యాగే లేకపోతే ఆ వదిలిన మేర తల నేరుగా స్టీరింగ్ వైపు పోతుంది. మా ఇంట్లోవాళ్లు అదే సీటులో కూర్చుని నడిపారన్నది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

అందుకే కారు చూడ్డానికి వెళ్తే ముందు బెల్టు చూడండి. స్టీరింగ్ కవరు కొత్తది వేసి మోసం చేసేవాళ్లు బెల్టుని చాలాసార్లు వదిలేస్తారు. చివరిదాకా బయటికి లాగండి. వదిలితే చక్కగా లోపలికి పోవాలి. మెటల్ నాలుక రాసుకునే చోట దారాలు నూగులా లేచాయా, పైన గైడ్ దగ్గర ప్లాస్టిక్ కరిగిన గీతలున్నాయా చూడండి. బెల్టు అడుగున కుట్టిన లేబుల్ మీద తయారీ తేదీ ఉంటుంది. అది కారు తయారీ కంటే తర్వాతిదైతే ఎందుకు మార్చారో అడగండి. మార్చడం తప్పు కాదు, బిల్లు చూపించగలిగితే ఇంకా మంచిదే. డాష్‌బోర్డు పైభాగం పక్క నుంచి వెలుతురులో చూస్తే అతుకులు, రంగు తేడా తెలుస్తాయి. బెల్టు అలారం మోగకుండా బకిల్‌లో గుచ్చే డమ్మీ క్లిప్ కనిపిస్తే తీసి పారేయండి. బెల్టు పెట్టుకున్నారో లేదో చూసి బ్యాగు ఎప్పుడు పేలాలో తేల్చుకునే కార్లున్నాయి, ఆ క్లిప్ వాటిని తప్పుదారి పట్టిస్తుంది.

స్టీరింగ్ మాత్రం మీరు విప్పకండి. బ్యాటరీ తీసేసినా కంట్రోల్ యూనిట్‌లో కాసేపు కరెంటు నిలవ ఉంటుంది, బ్యాగు పేలే ప్రమాదం ఉంది. తెలిసిన వర్క్‌షాప్‌లో డబ్బిచ్చి చూపించుకోండి.

మాకు అమ్మినతను ఇప్పుడు "నేను కొన్నప్పుడే అలా ఉందేమో, నాకేం తెలుసు" అంటున్నాడు. ఫోన్ చేస్తే ఎత్తడం తగ్గించాడు. వర్క్‌షాప్ నుంచి ఫొటోలతో రిపోర్టు రాయించుకున్నాం, ఫిర్యాదు చేస్తున్నాం. కొత్త బ్యాగు, బెల్టు, కంట్రోల్ యూనిట్ వేసేదాకా ఆ కారు బయటికి తియ్యం. మీరు అడ్వాన్స్ ఇచ్చేముందే "ఎయిర్‌బ్యాగులు, ప్రిటెన్షనర్లు అన్నీ పనిచేసే స్థితిలో ఉన్నాయి" అని అమ్మకం కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. నోటితో గట్టిగా చెప్పి, రాయమంటే నీళ్లు నమిలే మనిషి దగ్గర ఆ కారు కొనకండి.