ఎబోలాకు ఏ మందు మేలు? కాంగో పరీక్ష తేల్చినది

ఎబోలా వైరస్‌ను 1976లోనే గుర్తించినా, రోగికి ఏ మందు ఇస్తే ప్రాణం నిలుస్తుందో నలభై ఏళ్లు దాటినా తేలలేదు. తూర్పు కాంగోలో ఆ జబ్బు మళ్లీ విజృంభించినప్పుడు, 2018 నవంబరు నుంచి 2019 ఆగస్టు వరకు బేని, బుటెంబో, కాట్వా, మాంగినా చికిత్సా కేంద్రాల్లో 681 మందితో జరిగిన ‘పామ్’ పరీక్ష ఆ లోటు తీర్చింది. జీమ్యాప్, రెమ్‌డెసివిర్, ఎంఏబీ-114, ఆర్‌ఈజీఎన్-ఈబీ3 అనే నాలుగు మందుల్లో ఎవరికి ఏది ఇవ్వాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించి, 28 రోజుల్లోపు ఎందరు చనిపోయారో లెక్కగట్టారు.

మందుల మధ్య తేడా అర్థం కావాలంటే జబ్బు నడిచే తీరు తెలిసి ఉండాలి. వైరస్ సోకిన 2 నుంచి 21 రోజుల్లోపు ఉన్నట్టుండి జ్వరం, విపరీతమైన నీరసం, తలనొప్పి, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. ఆ దశలో దీన్ని మలేరియా నుంచి, టైఫాయిడ్ నుంచి వేరుచేసి పోల్చుకోవడం అనుభవమున్న వైద్యులకు కూడా కష్టమే. కొద్ది రోజులకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కొందరి ఒంట్లోంచి రోజుకు ఐదు లీటర్లకు పైగా నీరు పోతుంది. పైకి రక్తస్రావం కనిపించేది సగం కంటే తక్కువ మందిలోనే. నీరు, లవణాలు కోల్పోయి రక్తపోటు పడిపోవడం, కిడ్నీలు, కాలేయం దెబ్బతినడం చాలామంది ప్రాణం తీస్తాయి.

నాలుగింటిలో రెండు మందులు త్వరగానే వెనకబడ్డాయి. జీమ్యాప్ తీసుకున్నవారిలో 49.7 శాతం, రెమ్‌డెసివిర్ తీసుకున్నవారిలో 53.1 శాతం మంది మరణించారు. కరోనా కాలంలో మనవాళ్లు ఇంజెక్షన్ కోసం ఊళ్లు తిరిగిన రెమ్‌డెసివిర్ ఇదే. మిగిలిన రెండూ యాంటీబాడీ (వైరస్‌కు అతుక్కుని దాన్ని అడ్డుకునే ప్రొటీన్) మందులు: ఎంఏబీ-114తో మరణాలు 35.1 శాతానికి, ఆర్‌ఈజీఎన్-ఈబీ3తో 33.5 శాతానికి తగ్గాయి. తేడా అంత స్పష్టంగా కనిపించడంతో పరీక్షను ముందుగానే ఆపి, తర్వాతి రోగులకు ఈ రెండింటినే ఇచ్చారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో రెండింటికీ అనుమతినిచ్చింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ రెండింటిలో ఏదో ఒకటి ఇవ్వాలని గట్టిగా సిఫారసు చేసింది.

మరి ఈ రెండింటిలో ఏది? 35.1, 33.5 అంకెలు చూసి రెండోదే మేలనడం సరికాదు, ఎందుకంటే ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి పోల్చేలా ఆ పరీక్షను రూపొందించలేదు. వాటి స్వభావాలు మాత్రం వేరు. 1995లో కాంగోలోని కిక్విట్‌లో ఎబోలా సోకి బతికి బయటపడిన ఒకరి రక్తకణాల నుంచి తీసిన ఒకే యాంటీబాడీ ఎంఏబీ-114. మూడు యాంటీబాడీల మిశ్రమమైన ఆర్‌ఈజీఎన్-ఈబీ3 వైరస్‌ను వేర్వేరు చోట్ల పట్టుకుంటుంది కనుక వైరస్ రూపు మార్చుకుని తప్పించుకునే అవకాశం తక్కువ. కానీ మోతాదు దగ్గర పరిస్థితి తారుమారవుతుంది: యాభై కిలోల రోగికి ఎంఏబీ-114 రెండున్నర గ్రాములు చాలు, రెండోది ఏడున్నర గ్రాములు కావాలి. మొదటిది పొడి రూపంలో వస్తుంది. నీరు కలిపి, సీసాను కుదపకుండా మెల్లగా తిప్పి కరిగించాక సుమారు గంటలో రక్తనాళంలోకి ఎక్కించవచ్చు. రెండోదానికి రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. రెండు పొరల గ్లవ్స్, చెమటకు మసకబారే కళ్లద్దాలతో రోగి గదిలో ఎక్కువసేపు ఉండలేని నర్సుకు ఆ గంటల తేడా చాలా పెద్దది. అందుకే మారుమూల కేంద్రానికి ఎంఏబీ-114, వసతులున్న ఆసుపత్రికి మూడింటి మిశ్రమం తగినవని నా అభిప్రాయం. అయితే చేతికందినది పక్కనపెట్టి మరొకదాని కోసం ఎదురుచూడటం మాత్రం ఏ లెక్కన చూసినా తప్పే.

ఎందుకంటే మందు ఎంపిక కంటే పెద్ద తేడా మరోచోట ఉంది. రక్తంలో వైరస్ తక్కువగా ఉన్నప్పుడే చేరినవారిలో ఎంఏబీ-114తో 9.9 శాతం, ఆర్‌ఈజీఎన్-ఈబీ3తో 11.2 శాతం మాత్రమే చనిపోయారు. వైరస్ బాగా పెరిగాక చేరినవారిలో అవే మందులు ఇచ్చినా మరణాలు వరుసగా 69.9, 63.6 శాతం. లక్షణాలు మొదలయ్యాక చికిత్సకు చేరడంలో జరిగిన ఒక్కో రోజు జాప్యం మరణావకాశాన్ని సుమారు 11 శాతం పెంచిందని అదే పరీక్ష చూపింది. రోగులు సగటున ఐదారు రోజుల జ్వరం తర్వాత కేంద్రానికి చేరిన ప్రాంతంలో, ఊరి దాకా వచ్చి రక్తం పరీక్షించే వ్యవస్థ మందుతో సమానమైన చికిత్స.

సెలైన్, లవణాల సర్దుబాటు, అవసరమైతే డయాలిసిస్, వెంటిలేటర్ వంటి ఊతచికిత్సను మందుకు ప్రత్యామ్నాయంగా చూడకూడదు. పామ్ పరీక్షలో అది నాలుగు వర్గాలకూ అందింది. దాని బలం రువాండాలో ఇంకా బాగా తెలిసింది. ఎబోలాకు దగ్గరి చుట్టమైన మార్బర్గ్ వైరస్‌కు ఆమోదం పొందిన మందే లేదు. గతంలో కొన్ని వ్యాప్తులలో 80 శాతానికి పైగా రోగులు చనిపోయారు. 2024లో రువాండాలో 66 మందికి సోకగా 15 మంది మరణించారు. త్వరగా గుర్తించడం, ఐసీయూ సంరక్షణ, ప్రయోగ దశలోని మందులు అక్కడ కలిసి పనిచేశాయి.

ఎబోలాలో పలు రకాలున్నాయి. పై రెండు యాంటీబాడీ మందులూ వాటిలో జైర్ అనే రకానికే ఆమోదం పొందాయి. 2022లో ఉగాండాలో వ్యాపించిన సూడాన్ రకంపై అవి పనిచేయవు కాబట్టి, ఏ రకమో ప్రయోగశాల తేల్చేదాకా రోగిని నిలబెట్టేది ఆ ఊతచికిత్సే.