పాత జీపుకి డిస్క్ బ్రేకులు వేశామని అమ్ముతున్నారా? ఆ ఎర్ర లైటు వైరు ఎక్కడికి పోతుందో చూడండి

రీస్టోర్ చేసిన పాత మహీంద్రా జీపు కొనాలనుకునేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ముఖ్యంగా "ముందు డిస్కులు, బూస్టర్, టాండెమ్ మాస్టర్ సిలిండర్, అన్నీ కొత్తవే సార్" అని చెప్పి, దాని పేరుమీదే రేటు పెంచి అమ్మే బండ్ల విషయంలో. హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాపు దగ్గర నేను అలాంటి సీజే 3బీ మోడల్ జీపు కొన్నాను. బ్రేకు సామాను నిజంగానే కొత్తది. (టాండెమ్ అంటే బ్రేక్ ఆయిల్‌ని రెండు వేర్వేరు లైన్లలో, అంటే రెండు సర్క్యూట్లలో పంపే మాస్టర్ సిలిండర్; బూస్టర్ అంటే పెడల్ బలాన్ని పెంచేది.) మోసమంతా మీటర్ బోర్డులోని ఎర్ర బ్రేకు వార్నింగ్ లైటులో ఉంది.

బండి చూపించేటప్పుడు తాళం తిప్పాడు, బ్రేకు లైటు వెలిగింది. ఇంజిన్ స్టార్ట్ చేశాడు, ఆరిపోయింది. "చూశారా, సెల్ఫ్ చెక్ కూడా పెట్టాం" అన్నాడు. కొత్త కార్లలో జరిగేదీ అచ్చం అదే కదా, ఎవరైనా నమ్ముతారు. తర్వాత శ్రీశైలం వెళ్తుంటే, డ్యామ్ వైపు దిగే ఘాట్‌లో పెడల్ మామూలు కంటే బాగా లోపలికి పోవడం మొదలైంది. తొక్కితే ఆగుతోంది, కానీ ఆలస్యంగా, చాలా బలంగా తొక్కితే గానీ ఆగట్లేదు. లైటు మాత్రం వెలగలేదు. సెకండ్ గేర్‌లో దించుకుంటూ చోటు దొరికిన దగ్గర ఆపి బానెట్ ఎత్తితే బ్రేక్ ఆయిల్ రిజర్వాయర్‌లో (ట్యాంకులో) ఒక గది దాదాపు ఖాళీ, ముందు కుడి చక్రం దగ్గర కాలిపర్‌కి (డిస్కుని ప్యాడ్లతో నొక్కి పట్టే భాగానికి) హోస్ బిగించే చోట రాగి వాషర్ పక్కనుంచి బ్రేక్ ఆయిల్ కారుతోంది. వెనక సీట్లో పిల్లలున్నారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆటో ఎలక్ట్రీషియన్‌తో మీటర్ బోర్డు విప్పిస్తే బయటపడింది. బ్రేకు లైటు వైరుని ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ లైటు వైరులో కలిపేసి టేపు చుట్టారు. తాళం తిప్పినప్పుడు ఆయిల్ ప్రెషర్ ఉండదు కాబట్టి రెండు లైట్లూ వెలుగుతాయి, ఇంజిన్ తిరగ్గానే రెండూ ఆరిపోతాయి, అదీ వాళ్ల సెల్ఫ్ చెక్. రిజర్వాయర్ మూత మీద లెవెల్ సెన్సర్ ఉంది, దాని రెండు పిన్నులకీ వైరే లేదు.

ఇది చిన్న విషయం కాదు. పాత జీపులో బ్రేకు లైను ఒకటే సర్క్యూట్, లీకైతే పెడల్ నేరుగా కిందికి పోతుంది, ఆ క్షణమే తెలిసిపోతుంది. టాండెమ్‌లో ఒక సర్క్యూట్ పోయినా రెండోది బండిని ఆపుతుంది, మేం బయటపడింది కూడా దానివల్లే. కానీ సగం బ్రేకు పోయిందని డ్రైవర్‌కి కచ్చితంగా చెప్పాల్సింది ఆ లైటే. అమెరికాలో 1968 నుంచి కార్లకి రెండు సర్క్యూట్లతో పాటు ఈ లైటు కూడా తప్పనిసరి చేసింది ఊరికే కాదు. పైగా డిస్క్ ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్ పిస్టన్లు బయటికొచ్చి రిజర్వాయర్‌లో లెవెల్ తగ్గుతుంది, ఆ సంగతీ ఇదే చెప్పాలి.

వైరింగ్ కష్టమైనదేమీ కాదు. బల్బు ఒక కొసకి ఇగ్నిషన్ నుంచి 12 వోల్టులు, రెండో కొస స్విచ్చుల దాకా పోతుంది: హ్యాండ్ బ్రేకు, బ్రేక్ ఆయిల్ లెవెల్, కొన్నింట్లో రెండు సర్క్యూట్ల ప్రెషర్ తేడా పట్టే వాల్వు స్విచ్. ఏ ఒక్కటి ఎర్త్ అయినా, అంటే బండి బాడీకి కలిసినా, లైటు వెలగాలి. అందుకే హ్యాండ్ బ్రేకు లాగితే వెలిగిందని సంతోషపడకండి, దాంతో తెలిసేది బల్బు, ఆ ఒక్క స్విచ్ బాగున్నాయనే.

బండి కదలకుండా చక్రాలకి రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేకు దించి, ఇంజిన్ నడుస్తుండగా రిజర్వాయర్ మూత పైకెత్తండి. మూతకి వేలాడే ఫ్లోటు కిందికి జారి లైటు వెలగాలి. ఫ్లోటు ట్యాంకు లోపలే ఉండే రకమైతే సెన్సర్ ప్లగ్ పీకి, వైరు వైపు రెండు కాంటాక్టులనీ చిన్న వైరు ముక్కతో కలిపి చూడండి. ఇంజిన్ ఆపి చేస్తే నాకు చేసిన మోసం మీకు దొరకదు, అప్పుడు ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది. వాల్వు స్విచ్ ఉంటే దాని ఒంటి వైరు ఊడదీసి బాడీకి తాకించినా వెలగాలి, కానీ అది వైరుకి మాత్రమే పరీక్ష, స్విచ్ పనిచేస్తుందో లేదో మెకానిక్ బ్లీడర్ (బ్రేకు లైనులో గాలి తీసే స్క్రూ) వదులు చేసి చూడాల్సిందే. ఎర్త్ కూడా చూడండి. ప్లాస్టిక్ ట్యాంకుకి ఎర్త్ వైరు వేరే ఉండాలి, రీస్టోర్ చేసిన బండ్లలో కొత్త పెయింటు మీదే ఆ వైరు బిగించేస్తారు, కరెంటు పోదు. మాస్టర్ సిలిండర్ కింద పెయింటు ఉబ్బి లేస్తుంటే బ్రేక్ ఆయిల్ కారిందని అర్థం.

వాళ్లని అడిగితే "పాత జీపులో అసలు ఆ లైటే ఉండదు సార్, మేం ఫ్రీగా పెట్టాం" అన్నారు. డబ్బు వెనక్కి ఇవ్వనన్నారు. బిల్లు, విప్పిన వైరింగ్ ఫోటోలు దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. ఈ వారం వాళ్ల దగ్గర ఇంకో జీపు అమ్మకానికి పెట్టారు, వీడియోలో మళ్లీ అదే: తాళం తిప్పగానే ఎర్ర లైటు, స్టార్ట్ చేయగానే ఆరిపోవడం. హ్యాండ్ బ్రేకు వంక కెమెరా తిప్పనే లేదు.