సీటీ యాంజియోనా, మామూలు యాంజియోనా?

కావలిలో మా బాబాయికి మెట్లెక్కితే ఛాతీ పట్టేసేది. నెల్లూరు తీసుకెళ్తే, గుండె రక్తనాళాల్లో పూడిక ఉందేమో చూడటానికి రెండు దారులు చెప్పారు: సీటీ స్కాన్‌తో యాంజియో, మామూలు యాంజియో.

సీటీకి చేతి నరంలోకి డై ఎక్కిస్తారు. గుండె వేగం 60 దగ్గరకు రావడానికి మాత్ర ఇచ్చి, కాసేపు ఊపిరి బిగబట్టమంటారు. అంతే. మణికట్టు నుంచి గొట్టం పంపే మామూలు యాంజియో అంటే టెన్షనే. కానీ పూడిక కనబడితే అక్కడికక్కడే స్టెంట్ వేయొచ్చు. పైగా రక్తనాళాల్లో సున్నం పేరుకుంటే సీటీలో పూడిక ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. బాబాయికి సుగరు, ఆ సున్నం ఉంటుందేమోనని మా భయం.

2022 నాటి ‘డిశ్చార్జ్’ అనే అధ్యయనంలో ప్రొసీజర్ వల్ల పెద్ద ఇబ్బందులు ముందు సీటీ చేసినవాళ్ళలో 0.5 శాతం, నేరుగా గొట్టం వేసినవాళ్ళలో 1.9 శాతం. శ్రమపడినప్పుడే వస్తూ, రోజురోజుకీ పెరగకుండా ఉన్న నొప్పికి నా ఓటు సీటీకే. స్టెంట్ తప్పదన్నా ఆ స్కాన్ వృథా పోదు: ఎంత పొడవు స్టెంట్ కావాలో, ఏ కోణంలో చూడాలో డాక్టరుకు ముందే ఓ అంచనా ఉంటుంది. గుండెపోటైతే మాత్రం ఈ లెక్కలేవీ లేవు, నేరుగా గొట్టంతో యాంజియో చేసే గదికే (క్యాథ్ ల్యాబ్).