సామర్థ్యాల చదువు ఫలించిందా? తేల్చడానికి ఏ కొలత మేలు?

కోర్సు అయ్యేసరికి విద్యార్థి ఏం చేయగలగాలో ముందే రాసుకోవాలి, పాఠమూ పరీక్షా దాని చుట్టూనే తిరగాలి. సామర్థ్యాల ఆధారిత విద్య అంటే ఇంతే. 2014 జూన్‌లో, ఇంజనీరింగ్ కోర్సులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే మన నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్‌కు వాషింగ్టన్ ఒప్పందంలో (ఒక దేశపు ఇంజనీరింగ్ డిగ్రీని ఇంకో దేశం గుర్తించే ఏర్పాటు) శాశ్వత సభ్యత్వం దక్కాక ఇంజనీరింగ్ కాలేజీలకు ఈ దారి పట్టక తప్పలేదు. 2019లో చేరిన బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్ కూడా ఇటే వచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం మిగతా డిగ్రీలకూ ఇదే మాట చెప్పింది. మరి ఇంత హడావుడి చేశాక పిల్లలకు పని వచ్చిందా?

బెంగళూరులో ఏ స్టాఫ్‌రూమ్‌లో అడిగినా జవాబు దొరుకుతుంది. కాకపోతే ఒక్కొక్కరూ ఒక్కో కొలత పట్టుకుని చెబుతారు. ఫైళ్లు చూసేవాళ్లు ఎటైన్‌మెంట్ (అనుకున్నది ఎంతవరకు సాధించామన్న అంకె) చూడమంటారు, మేనేజ్‌మెంట్ ప్లేస్‌మెంట్ చూడమంటుంది, పూర్వ విద్యార్థులను అడగండి అనేవాళ్లు కొందరు. అనుబంధ కాలేజీలో డేటాబేస్ పాఠం చెప్పేవాణ్ని కాబట్టి నా మొగ్గు ముందే చెప్పేస్తాను: ఎదురుగా కూర్చోబెట్టి పని చేయించి చూడటమే మేలు. అదీ ఒక షరతు మీద. ఆ షరతు దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఎటైన్‌మెంట్. ఇది ఎలా తయారవుతుందో బయటివాళ్లకు తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. ప్రతి సబ్జెక్టుకూ నాలుగైదు కోర్సు ఔట్‌కమ్స్ రాస్తాం, అంటే ఆ సబ్జెక్టు అయ్యేసరికి ఏం చేయగలగాలో. వాటిని డిగ్రీ మొత్తానికి ఉండే ప్రోగ్రామ్ ఔట్‌కమ్స్‌తో (మొన్నటిదాకా పన్నెండు, ఇప్పుడు పదకొండు) జతకలిపి గళ్లలో 1, 2, 3 వేస్తాం. 3 అంటే గట్టి సంబంధం, 1 అంటే ఉందంటే ఉంది. ప్రశ్నపత్రంలో ప్రతి ప్రశ్న పక్కనా అది ఏ ఔట్‌కమ్‌ది, బ్లూమ్ మెట్లలో (గుర్తుంచుకోవడం నుంచి సొంతంగా సృష్టించడం దాకా ఆరు మెట్లు) ఎన్నోది అని రాస్తాం. మా వీటీయూ (విశ్వేశ్వరయ్య టెక్నలాజికల్ యూనివర్సిటీ) ప్రశ్నపత్రం కుడి అంచున ఎం, ఎల్, సీ అని మూడు గళ్లు ఉండేది అందుకే: మార్కులు, మెట్టు, ఔట్‌కమ్. ఆ తర్వాత లెక్క. అరవై శాతం మార్కులు దాటినవాళ్లు క్లాసులో డెబ్బై శాతం ఉంటే లెవెల్ 3, అరవై శాతమైతే 2, యాభై అయితే 1. ఇది ఉదాహరణకే, గీత ఎక్కడ గీయాలన్నది కాలేజీ ఇష్టం. పరీక్షల వాటా, సర్వే వాటా కలిపితే ఎక్సెల్ షీటు అడుగున 2.34 అనో 2.61 అనో ఒక అంకె తేలుతుంది.

రెండు దశాంశ స్థానాలున్నాయని మురిసిపోకండి. పాఠం చెప్పేది మేమే, ఇంటర్నల్ పేపర్ ఇచ్చేది మేమే, దిద్దేది మేమే, లక్ష్యం పెట్టుకునేదీ మేమే. వడ్డించేవాడు మనవాడైతే ఏ బంతిలో కూర్చుంటేనేం? లక్ష్యం అందని చోట 'తీసుకున్న చర్య' గడిలో 'అదనపు ట్యుటోరియల్ క్లాసులు' అని రాస్తే సరిపోతుంది.

బయటి పరీక్ష కాపాడుతుందిలే అనుకుంటే అక్కడ ఇంకో చిక్కు. యూనివర్సిటీ నుంచి అనుబంధ కాలేజీకి వచ్చేది ఒక్కో విద్యార్థి మొత్తం మార్కులే. ఏ ప్రశ్నకు ఎన్ని వచ్చాయో రాదు. దాంతో ఆ మొత్తాన్నే అన్ని ఔట్‌కమ్స్‌కూ ఒకేలా తగిలిస్తాం. క్వెరీలు (డేటాబేస్ నుంచి కావాల్సింది రాబట్టే ఆదేశాలు) చకచకా రాసి, టేబుళ్లు డిజైన్ చేయడం దగ్గర చతికిలబడిన అమ్మాయికి రెండింట్లోనూ ఒకే అంకె పడుతుంది. ఏది వచ్చు, ఏది రాదు అని విడివిడిగా చూడాలనే కదా ఇదంతా మొదలుపెట్టింది!

మెట్ల సంగతీ అంతంతే. థర్డ్ నార్మల్ ఫారమ్ అంటే ఒకే సమాచారం పదేపదే రాకుండా టేబుళ్లను విడగొట్టే పద్ధతి. 'థర్డ్ నార్మల్ ఫారమ్‌ను ఉదాహరణతో వివరించండి' అంటే రెండో మెట్టు. 'కింది టేబుల్‌ను థర్డ్ నార్మల్ ఫారమ్‌లోకి మార్చండి' అంటే మూడో మెట్టు. ఆ కింది టేబుల్ పాఠ్యపుస్తకంలోదే అయితే రాసేవాడికి రెండూ బట్టీయే. అలాగని మొత్తం దండగ అనను. మెట్టు రాయాల్సి రావడం వల్ల పేపరంతా నిర్వచనాలతో నింపేసే అలవాటు బాగా తగ్గింది. పేపర్ సెట్ చేసేవాళ్లకు ఇది మంచి క్రమశిక్షణ. సంస్కరణ ఫలించిందా అన్న ప్రశ్నకు మాత్రం ఆ అంకె దగ్గర జవాబు లేదు.

"మీ కాలేజీలో ప్లేస్‌మెంట్స్ ఎలా ఉన్నాయండీ?" కౌన్సెలింగ్ రోజుల్లో అనంతపురం నుంచో చిత్తూరు నుంచో వచ్చే తల్లిదండ్రుల మొదటి ప్రశ్న ఇదే. తప్పుపట్టలేం, ఫీజు కట్టేది వాళ్లు. కాలేజీలకు కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్ కూడా ప్లేస్‌మెంట్లనూ మధ్యస్థ జీతాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. పైగా ఇది బయటివాడు డబ్బు పెట్టి వేసే మార్కు. ఆ మేరకు ఎటైన్‌మెంట్ కంటే ఒక మెట్టు పైనే.

కానీ చదువు మారడం వల్ల ఏం జరిగిందో ఇది చెప్పలేదు. వీటీయూ 2018 స్కీమ్‌నే (అప్పటి నుంచి చేరినవాళ్లకు వర్తించే సిలబస్, పరీక్షల పద్ధతి) తీసుకోండి. 2018లో చేరినవాళ్లూ 2020లో చేరినవాళ్లూ చదివింది అదే. మొదటివాళ్లు 2022లో బయటికొచ్చారు. ఆ మార్చితో ముగిసిన ఏడాదిలో ఒక్క టీసీఎస్సే లక్ష మంది ఫ్రెషర్లను చేర్చుకుంది. క్యాంపస్‌లో ఆఫర్ల జాతర. రెండోవాళ్లు 2024లో బయటికొచ్చారు. ఆ మార్చితో ముగిసిన ఏడాదిలో టీసీఎస్ ఉద్యోగుల సంఖ్య 13,249, ఇన్ఫోసిస్‌లో 25,994 తగ్గింది. ఈ రెండో బ్యాచ్ మొదట్లో ఆన్‌లైన్ క్లాసులతో నెట్టుకొచ్చిన మాట నిజమే గానీ, ఉద్యోగాలు పలచబడింది అందువల్ల కాదు. 2022 అంకెలు చూపించి కొత్త స్కీమ్ బ్రహ్మాండం అన్నవాళ్లు 2024 అంకెలు చూసి అదే స్కీమ్ బెడిసికొట్టిందని ఒప్పుకోవాలి మరి. నేనెక్కడా వినలేదు.

చెన్నైలోనూ ఇదే చిక్కు. తమిళనాడు ప్రభుత్వం 2022 మార్చి 1న 'నాన్ ముదల్వన్' మొదలుపెట్టి, అన్నా యూనివర్సిటీ అనుబంధ కాలేజీల్లో నైపుణ్య కోర్సులను పాఠ్యక్రమంలోకే తెచ్చింది. ఆలోచన మంచిదే. ఎంతమందికి శిక్షణ ఇచ్చారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది అన్న రెండు అంకెలతోనే దాన్ని తూచితే మాత్రం, అందులో కోర్సు వాటా ఎంతో మార్కెట్ వాటా ఎంతో విడదీయలేం.

పాస్ శాతం గురించి ఒక్క ముక్క చాలు. 2015 స్కీమ్‌లో ఇంటర్నల్స్‌కు వందకు 20, 2018లో 40, 2022లో 50. మా చేతిలో ఉన్న మార్కులు పెరిగే కొద్దీ పాసయ్యేవాళ్లు పెరిగితే అందులో వింతేముంది?

పూర్వ విద్యార్థుల సర్వే కూడా అంతే తొందరగా ముగించొచ్చు. వాట్సాప్ గ్రూపులో గూగుల్ ఫారమ్ పడేస్తే నింపేది బాగా స్థిరపడినవాళ్లే. ఉద్యోగం దొరకనివాడు గ్రూపు నుంచి ఎప్పుడో జారుకుని ఉంటాడు. ఉద్యోగంలో చేరిన మొదటి ఆరు నెలల్లో కొత్తగా ఏం నేర్చుకోవాల్సి వచ్చింది అని అడిగితే సిలబస్ దిద్దుకోవడానికి పనికొస్తుంది. అంతవరకే.

ఇక చేయించి చూడటం. ఇందులో మనకంటే డాక్టర్లు ముందున్నారు. చెన్నైలో ఎంబీబీఎస్ చదువుతున్న మా మేనకోడలు ఒకసారి లాగ్‌బుక్ చూపించింది. ఒక్కో నైపుణ్యానికీ ఒక వరస. చేసిన తీరుకు బి, ఎం, ఇ అని మూడు రేటింగ్‌లు: ఆశించిన దానికంటే తక్కువ, తగినంత, ఎక్కువ. దాని పక్కన అధ్యాపకుడి నిర్ణయం: పూర్తయింది, మళ్లీ చేయాలి, ప్రత్యేకంగా నేర్పాలి. ఎంత చక్కటి ఏర్పాటు! పేజీలు తిప్పితే వరసగా ఎం, పూర్తయింది, ఎం, పూర్తయింది.

"ఏంటమ్మా, ఎక్కడా ఒక్క బి కూడా లేదు?"

"బి వేస్తే మళ్లీ చేయించాలి కదా మామయ్యా. సార్‌కి టైమెక్కడిది?"

అదే పిల్ల ఓస్కీ గురించి మాత్రం వేరేగా మాట్లాడింది. 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ బృందం ప్రవేశపెట్టిన పరీక్ష ఇది. గంట మోగగానే ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు వెళ్లాలి, ఒక్కో చోట కొద్ది నిమిషాలు, పరిశీలకుడి చేతిలో చెక్‌లిస్టు. బీపీ చూసే బల్ల దగ్గర తను అంకె సరిగ్గానే చెప్పిందట. మార్కు పోయింది. ఎందుకంటే స్టెత్ పెట్టేముందు నాడి పట్టుకుని, చేతికి చుట్టిన పట్టీని (కఫ్) ఎక్కడిదాకా బిగించాలో చూసుకోలేదు. రాత పరీక్షలో ఈ క్రమం మొత్తం తడుముకోకుండా రాసి ఉండేది. వైద్య విద్యా నిపుణుడు జార్జ్ మిల్లర్ 1990లో నాలుగు అంతస్తులుగా చెప్పింది ఇదే: తెలుసు, ఎలా చేయాలో తెలుసు, చేసి చూపగలడు, రోజూ చేస్తాడు. మా ఎక్సెల్ షీట్లు రెండో అంతస్తు దాటవు.

ఇంజనీరింగ్‌లో ఇది కుదరదంటారు. ఎందుకు కుదరదు? బెంగళూరు మారతహళ్లిలో మనవాళ్లు నడిపే పీజీలు (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లు) బోలెడు. చాలాచోట్ల లెక్కలన్నీ ఒక పొడుగాటి నోటు పుస్తకంలోనే ఉంటాయి: గది, మంచం, పేరు, అడ్వాన్సు, నెల అద్దె, ఖాళీ చేసిన తేదీ, పట్టుకున్న మెయింటెనెన్స్. అలాంటి నాలుగు పేజీలు ఇచ్చి, టేబుళ్లు గీయమని ఎదురుగా కూర్చున్నాను. పాఠ్యపుస్తకంలో కాలేజీ, ఉద్యోగి, డిపార్ట్‌మెంట్ తప్ప ఇంకేమీ చూడని పిల్లవాడు ముందు అన్నీ కలిపి ఒకే టేబుల్ గీశాడు. "నెల మధ్యలో ఒకడు ఖాళీ చేసి అదే మంచంలోకి ఇంకొకడొస్తే?" అని అడిగాను. కాసేపు పెన్ను కొరికి, 'పేరు 2' అని ఇంకో కాలమ్ కలిపాడు. "మూడోవాడొస్తే?" అప్పుడు ఆగిపోయి, మొత్తం కొట్టేసి, మనిషికో టేబుల్, మంచానికో టేబుల్, ఎవరు ఏ మంచంలో ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ఉన్నారన్నదానికి ఇంకో టేబుల్ గీశాడు. మూడో ప్రశ్న దాకా వెళ్లకపోతే ఆ పిల్లవాడికి ఏమీ రాదనుకునేవాణ్ని. రాత పరీక్ష మార్కులు చూస్తే అన్నీ వచ్చనుకునేవాణ్ని.

అన్నట్టు, ఈ మాటలన్నీ మేం తెలుగులోనే మాట్లాడుకున్నాం. ఇంగ్లీషులో అడిగితే అతను రెండో ప్రశ్నకే 'సారీ సార్' అని ఊరుకునేవాడు. డేటాబేస్ సామర్థ్యాన్ని కొలుస్తున్నప్పుడు ఇంగ్లీషును కూడా కొలిచేయడం మనకు బాగా అలవాటు. అయితే హిందీవాళ్లకు ఆ వెసులుబాటు నేనివ్వలేను, అదీ ఆలోచించాలి.

అసలు అడ్డంకి సమయం. మనిషికి ఇరవై నిమిషాల చొప్పున అరవై మంది సెక్షన్‌కు ఇరవై గంటలు, అదీ ఒక్క సబ్జెక్టుకు. రెండోది, ఇది కూడా మార్కుల పరీక్ష అయిపోతే లాగ్‌బుక్‌కు పట్టిన గతే పడుతుంది. మరుసటి ఏడాదికల్లా పీజీ రిజిస్టర్ 'ఇంపార్టెంట్ క్వశ్చన్' అయి జిరాక్స్ షాపులో దొరుకుతుంది.

నా షరతు ఇక్కడే. మనం కొలవాలనుకుంటున్నది సంస్కరణను, పిల్లవాణ్ని కాదు. పిల్లవాడికి మార్కులివ్వాలంటే అందరినీ కూర్చోబెట్టాలి. సంస్కరణను చూడటానికి ప్రతి బ్యాచ్ నుంచి చీటీలు తీసి ముప్పై మందిని పిలిస్తే చాలు. పది గంటల పని, ముగ్గురు కూర్చుంటే ఒక పూట. మార్కులు ఉండవు కాబట్టి ఎవరికీ దొంగలెక్క వేయాల్సిన అవసరం రాదు. చూసేది పక్క కాలేజీవాళ్లయితే ఇంకా మంచిది. మార్కులు లేకపోతే పిల్లలు మనసుపెట్టరన్నది న్యాయమైన అభ్యంతరమే. కొంతమంది పెట్టరు కూడా. కానీ ఆ నష్టం ఏ బ్యాచ్‌కైనా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పోల్చేది బ్యాచ్‌ను బ్యాచ్‌తో కదా.

పోల్చడానికి పాతది ఒకటి ఉండాలి, అదే మన దగ్గర లేనిది. వీటీయూలో 2015, 2018, 2021, 2022 అని స్కీమ్‌లు మారుతూ వచ్చాయి. 2021 స్కీమ్ మొదటి బ్యాచ్ రెండో ఏడాదిలో అడుగుపెట్టేసరికే కొత్తది వచ్చింది. డిగ్రీల్లో కర్ణాటక 2021-22లో అందరికంటే ముందు నాలుగేళ్ల కోర్సు తెచ్చి, 2024-25 నుంచి మళ్లీ మూడేళ్లకు వెళ్లింది. తెచ్చినప్పుడూ కొలవలేదు, తీసేసినప్పుడూ కొలవలేదు. 2021 స్కీమ్ పిల్లలు 2025లో వెళ్లిపోయారు. వెళ్లేముందు ఓ ముప్పై మందికి ఆ నాలుగు పేజీలు ఇచ్చి, వాళ్లు గీసిన కాగితాలు దాచి ఉంటే, 2026లో బయటికెళ్లే 2022 స్కీమ్ బ్యాచ్ కాగితాలు వాటి పక్కన పెట్టి చూసుకునేవాళ్లం.

దీనికి యూనివర్సిటీ సర్క్యులర్ అక్కర్లేదు. రెండు కాలేజీల డిపార్ట్‌మెంట్ హెడ్‌లు ఫోన్‌లో మాట్లాడుకుంటే వచ్చే శనివారమే మొదలుపెట్టొచ్చు. కాకపోతే ప్రిన్సిపాల్ ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు: ముప్పై మందిలో ఇరవై మంది 'పేరు 2' దగ్గరే ఆగిపోతే ఆ కాగితం ఏ ఫైల్లో పెడతారు, దాన్ని ఎవరికి చూపిస్తారు అని. అక్రెడిటేషన్ బృందానికి చూపించే ఫైల్లో మాత్రం పెట్టనివ్వరు. డిపార్ట్‌మెంట్ బీరువాలో పెట్టుకోండి.