8 నెలలుగా వెళ్తున్న కరాటే క్లాస్, ముఖ్యంగా అక్కడి వార్మప్ గురించి

కరాటే క్లాస్ ఎలా ఉందని ఎవరినడిగినా కటాలు (ఒక వరుసలో చేసే కదలికలు) బాగా నేర్పిస్తారు, బెల్ట్ టెస్టులు టైమ్‌కి పెడతారు అనే చెప్తారు, నేను మాత్రం వార్మప్ గురించే ఎక్కువ రాస్తా, ఎందుకంటే నేను ఈ క్లాస్‌లో ఉండిపోవడానికి కారణం అదే. నా వయసు 36, రోజంతా కుర్చీలో కూర్చునే పని, వారానికి 3 రోజులు పెద్దవాళ్ల బ్యాచ్‌కి వెళ్తా, క్లాస్ గంటన్నర. అందులో మొదటి 20 నిమిషాలు వార్మప్‌కే పోతాయి, ఒక్కరోజు కూడా తగ్గించలేదు.

ముందు పాత క్లాస్ సంగతి చెప్పాలి, పేరు వద్దులెండి. అక్కడ వార్మప్ అంటే హాల్ చుట్టూ పరుగు, ఆ వెంటనే కింద కూర్చోబెట్టి కాళ్లు రెండూ పక్కలకి చాపించి వెనక నుంచి ఇంకొకరు వీపు మీద నొక్కడం. నొప్పి అంటే ఓర్చుకో అనేవాళ్లు. రెండో నెలలో ఒకరోజు లేటుగా వెళ్లా, పరుగు కూడా లేకుండా నేరుగా లైన్‌లో నిలబడి మావాషి గేరి (పక్క నుంచి తిప్పి వేసే కిక్) వేశా, తొడ వెనక ఏదో తెగినట్టు పట్టేసింది. 6 వారాలు మెట్లు ఎక్కాలంటే నరకం. ఫిజియో దగ్గరికి వెళ్తే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, కిక్ వేసేముందు ఒళ్లు వేడెక్కిందా అని.

అందుకే ఈ క్లాస్‌కి మొదటిరోజు చూడ్డానికి వెళ్లినప్పుడు కటాలు చూడలేదు, మొదట్లో ఏం చేయిస్తున్నారో చూశా. మాస్టర్ గారిది గోజు ర్యూ అనే కరాటే స్టైల్. ఈ స్టైల్‌ని నిలబెట్టిన ఒకినావా గురువు మియాగి చోజున్ (1888-1953) తన శిష్యుల కోసం జున్‌బి ఉన్‌డో అని ఒక వార్మప్ వరుస పెట్టారు, అంటే సిద్ధమయ్యే వ్యాయామాలు. అది కాలి వేళ్ల దగ్గర మొదలై మడమలు, మోకాళ్లు, నడుము, భుజాలు అలా మెడ దాకా పైకి వెళ్తుంది. మొదటిరోజు అందరూ నిలబడి బొటనవేలు పైకి మిగతా వేళ్లు కిందికి చేస్తుంటే ఇదేం ఎక్సర్‌సైజ్ అనుకున్నా. తర్వాత మాయె గేరి (నేరుగా ముందుకి వేసే కిక్) నేర్చుకుంటున్నప్పుడు తెలిసింది, ఆ కిక్‌లో తగలాల్సింది వేళ్ల కింద ఉండే మెత్తటి భాగం, వేళ్లు వెనక్కి వంగకపోతే దెబ్బ వేళ్లకే తగులుతుంది. అంటే ఆ వార్మప్‌లో చేసే ప్రతిదీ తర్వాత ఏదో ఒక టెక్నిక్‌లో పనికొచ్చేదే.

మియాగి గారి ఆ వరుసకి మా మాస్టర్ కొన్ని మార్పులు చేసుకున్నారు. ముందు 5 నిమిషాలు నిలబడినచోటే జాగింగ్, చిన్న గెంతులు, అడుగులు మార్చడం, నుదుటి మీద కాస్త చెమట పట్టేదాకా అదే. తర్వాత కీళ్లు. మోకాళ్లని మాత్రం గుండ్రంగా గట్టిగా తిప్పనివ్వరు, మోకాలు ముఖ్యంగా ముడుచుకుని చాచుకునే కీలు, తిరగాల్సింది తుంటి అంటారు. ఆ తర్వాత కాళ్లు ముందుకీ వెనక్కీ ఊపడం, పక్కలకి ఊపడం, ముందు తక్కువ ఎత్తులో, మెల్లగా పెంచుకుంటూ. ఆ తర్వాత జెన్‌కుత్సు దాచిలోనూ (ముందుకాలు వంచి నిలబడే భంగిమ) షికో దాచిలోనూ (కాళ్లు వెడల్పుగా పెట్టి కిందికి దిగే భంగిమ) నెమ్మదిగా ముందుకి నడవడం, చివర్లో కిక్‌లు, నడుము ఎత్తులో సగం స్పీడ్‌తో మొదలుపెట్టి ఆఖరి నాలుగైదు మాత్రమే ఫుల్ స్పీడ్. క్లాస్ మొదలయ్యేసరికి ఒళ్లు నిజంగా రెడీగా ఉంటుంది.

స్ప్లిట్, అంటే కాళ్లు రెండూ పక్కలకి చాపడం, క్లాస్ చివర్లోనే. ఎందుకు సార్ అని అడిగితే ఓపిగ్గా చెప్పారు, ఒకే పొజిషన్‌లో కండరాన్ని నిమిషానికి పైగా సాగదీసి ఉంచి వెంటనే పవర్‌తో కిక్ వేయమంటే ఆ కండరం ఇచ్చే బలం కాసేపు తగ్గుతుంది, అదే కదులుతూ సాగదీస్తే ఆ సమస్య ఉండదు, వేడెక్కిన కండరం తొందరగా ముడుచుకుంటుంది కూడా. పాత చోట రెండేళ్లు ఉన్నా ఎవరూ ఈ మాట చెప్పేవాళ్లు కాదేమో.

కండిషనింగ్ వారానికి 2 రోజులు, క్లాస్ ఆఖర్లో ఒక 15 నిమిషాలు. పిడికిలి మీద పుషప్‌లు చేయిస్తారు, బరువు మొత్తం చూపుడువేలు, మధ్యవేలు కణుపుల మీదే పడాలి, మణికట్టు నిటారుగా ఉండాలి, వంగిందంటే అక్కడే ఆపేసి మోకాళ్ల మీద నుంచి చేయమంటారు. ఎన్ని చేశామన్నది ఆయన లెక్కపెట్టరు, మణికట్టే చూస్తారు. నాకు మొదటి నెలలో 5 కూడా సరిగ్గా రాలేదు, ఇప్పుడు 20 వస్తున్నాయి, మావాషి గేరి కూడా ఛాతీ ఎత్తుకి వెళ్తోంది, తొడ మళ్లీ పట్టలేదు.

చీ ఇషి కూడా ఉంది, రాయికి కర్ర పిడి బిగించినట్టుండే ఒకినావా పరికరం. బరువంతా ఒకవైపే ఉంటుంది కాబట్టి దాన్ని తిప్పుతుంటే మణికట్టు, ముంజేయి, భుజం మూడూ ఒకేసారి పనిచేస్తాయి, డంబెల్‌తో ఆ ఫీలింగ్ రాదు. ముంజేతులు ఒకరికొకరు తాకించుకునే కోతె కితాయె మాత్రం కొత్తవాళ్లకి లేదు, నాకే 5 నెలల తర్వాత మొదలుపెట్టారు, అదీ మెల్లగా, కమిలిపోతే ఆ వారం బంద్. పిల్లల బ్యాచ్‌లో మకివారా (గుద్దులు ప్రాక్టీస్ చేసే చెక్క పలక) ముట్టుకోనివ్వరు, ఎముకలు ఇంకా పెరుగుతున్న వయసు కదా. ఒక పేరెంట్ మా వాడు గట్టివాడు కొట్టనివ్వండి అని అడిగితే ఆయన కుదరదనే చెప్పారు, నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఆరోజే.

స్టామినా కోసం రౌండ్లు పరిగెత్తించరు. పెద్దవాళ్ల పోటీల్లో కుమితే (ఇద్దరు తలపడే ఫైట్) బౌట్ 3 నిమిషాలు, అందులో ఒక్కసారిగా మీదికి దూకడం, వెనక్కి రావడం, మళ్లీ దూకడం, అందుకని 20 సెకన్లు ఫుల్‌గా, 40 సెకన్లు తేలిగ్గా అలా 3 నిమిషాలు చేయిస్తారు. చూడ్డానికి చిన్నదే, మూడో నిమిషంలో ఊపిరి అందదు.

నచ్చనివి కూడా రాయాలి. చీ ఇషీలు రెండే ఉన్నాయి, బ్యాచ్‌లో 14 మందిమి, లైన్‌లో నిలబడి వంతు వచ్చేసరికి చెమట ఆరిపోతుంది, అంత జాగ్రత్తగా వేడెక్కించిన ఒళ్లు అక్కడే చల్లారిపోతోంది. లేటుగా వచ్చినవాళ్లని వెనక 10 నిమిషాలు విడిగా వార్మప్ చేసుకుని రమ్మంటారు, రూల్ మంచిదే, కానీ అక్కడ చూసేవాళ్లు ఎవరూ ఉండరు, కొంతమంది రెండుసార్లు కాళ్లు ఊపి లైన్‌లోకి వచ్చేస్తున్నారు, నాకు జరిగిందే వాళ్లకీ జరుగుతుందని భయమేస్తుంది. అన్నిటికంటే పెద్ద కంప్లైంట్ కూల్‌డౌన్. కటా ప్రాక్టీస్ ఎక్కువైన రోజు చివరి స్ట్రెచింగ్ 2 నిమిషాల్లో ముగించేస్తారు, స్ప్లిట్ చివర్లో చేయాలని చెప్పిందీ ఆయనే కదా, మరి ఆ టైమే లేకపోతే ఎలా.

తొందరగా బెల్ట్ కావాలనుకునేవాళ్లకి ఇది సరిపడదు, మొదటి నెల ఏం నేర్చుకున్నాం అనిపిస్తుంది. 30 దాటి మొదలుపెట్టేవాళ్లకి, పాత దెబ్బలున్నవాళ్లకి మాత్రం కళ్లు మూసుకుని చెప్తా, చేరిపోండి. మోకాలి నొప్పి ఉందని ముందే చెప్తే షికో దాచి ఎంత లోతుకి దిగాలో మీ దగ్గరికొచ్చి చూపిస్తారు, మా బ్యాచ్‌లో 50 దాటినాయన ఒకరు అలాగే చేస్తున్నారు, నాకంటే రెగ్యులర్ ఆయనే.

5కి 4 ఇస్తున్నా, ఆ ఒకటి కూల్‌డౌన్‌కి, చీ ఇషీ లైన్‌కి. పోయిన వారం ఈ రెండూ మాస్టర్ గారితో నేరుగా చెప్పా, శ్రద్ధగా విన్నారు, ఇంకో రెండు చీ ఇషీలు చేయిస్తా అన్నారు, వచ్చాక ఇక్కడే అప్‌డేట్ చేస్తా.