తంగేడు అనుకుని కారు ఆపితే: ప్లాంట్‌నెట్ యాప్ రివ్యూ

రేటింగ్: ఐదుకు నాలుగున్నర.

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు ఇంకా వారం ఉంది. అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా అపార్ట్‌మెంట్ల వెనక రోడ్డు అంచున నడుం దాటి పెరిగిన మొక్కలు, నిండా పసుపుపచ్చ పూలు. సిద్దిపేట నుంచి వచ్చిన అమ్మ "తంగేడే బిడ్డా, ఆపు ఆపు" అంది.

తీరా దిగి ఆకు పట్టుకోగానే ముఖం చిన్నబోయింది. "తంగేడాకు జంటలు జంటలుగుంటది. ఇదేందే, ఒంటి ఆకు!" పువ్వూ అంతే. తంగేడు పువ్వుకు ఐదు రేకులు విడివిడిగా కనిపిస్తాయి. ఇక్కడ ఒక్కో పువ్వు ఆవగింజ కంటే కాస్త పెద్దది, అలాంటివి వందలు కలిసి కొమ్మకు ఒకవైపే బారుతీరి ఉన్నాయి.

మరి ఇదేంటి? ఫోటో తీస్తే మొక్క పేరు చెప్పే యాప్‌లున్నాయి కదా, ఇంతకుముందు నా ఫోన్‌లో అలాంటిదే వేరే యాప్ ఉండేది, పేరెందుకులెండి. ఉచితం అని చెప్పి, వారం తిరక్కుండా ఏడాది చందా కార్డులోంచి లాగేసింది. ప్లాంట్‌నెట్ ఫ్రాన్స్ పరిశోధన సంస్థలు కలిసి చేసింది, 2013 నుంచి ఉంది, పైసా కట్టక్కర్లేదు.

ఒక్క పూల ఫోటో ఇస్తే నాలుగు సాలిడాగోల పేర్లు చూపించింది, దేనికీ గట్టి మార్కులు వేయలేదు. నాకు నచ్చింది అదే. సాలిడాగో అంటే ఇక్కడివాళ్ల గోల్డెన్‌రాడ్. అందులో వందకు పైగా రకాలు, ఒక్క పువ్వు చూసి తేల్చడం ఎవరి వల్లా కాదు. ఆకు, కాండం ఫోటోలు కూడా కలిపాక కెనడా, జెయింట్ రెండు రకాలు పైకొచ్చాయి. జెయింట్ కాండం నున్నగా, బూడిద పూసినట్టుంటుంది. కెనడాకైతే కాండం పైభాగాన సన్నటి నూగు. అమ్మ బొటనవేలితో రాసి "గరుకుగుందే" అంది. నేను కెనడాకే ఓటేశాను.

పక్కింటావిడ "ఇంట్లోకి తేకండి, తుమ్ములొస్తాయి" అని భయపెట్టింది. పాపం, దీని తప్పేం లేదు. దీని పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, పురుగులు మోసుకెళ్లాల్సిందే. తుమ్ములు తెప్పించేది ఇవే రోజుల్లో పూసే రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క. దాని పూలు ఆకుపచ్చగా ఉంటాయి కాబట్టి ఎవరి కంటా పడదు. మా చెత్తడబ్బాల వెనకే ఉంది, దాన్నీ ఈ యాప్‌తోనే పట్టుకున్నాను. గోల్డెన్‌రాడ్‌తో బతుకమ్మకు ఒక వరస పేర్చాం.

అర స్టార్ ఎందుకు తగ్గించానంటే, గాలికి ఊగే కొమ్మని పట్టుకోవడానికి ఒకరు, ఫోటో తీయడానికి ఒకరు కావాలి. అమ్మ రిటర్న్ టికెట్ నవంబరులో.