ఇంటికి సీసీ కెమెరా: వైఫైదా, డీవీఆర్ సెట్టా, సిమ్ కెమెరానా?

సీసీ కెమెరా కోసం షాపుకెళ్తే మాట మెగాపిక్సెళ్ల దగ్గరే మొదలవుతుంది. రెండా, మూడా, ఐదా అని. ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఆ ఇంట్లో నెట్ ఉందా? కరెంటు పోతే ఎంతసేపటికి వస్తుంది? దొంగ కెమెరానే పీక్కుపోతే రికార్డింగ్ ఎక్కడ మిగులుతుంది? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే ఏ రకం కొనాలో దాదాపు తేలిపోతుంది.

నేనిక్కడ ఒక రకం ఇంటిని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఊళ్లో అమ్మానాన్న ఇద్దరే ఉంటారు. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డల్లాస్‌లోనో. ఇంటికి గేటు, వసారా, వీధి తలుపు, వెనక పెరటి తలుపు, డాబా మీదికి బయటి నుంచే మెట్లు. ఖర్చు పదిహేను వేలు దాటకూడదు. నగరంలో అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌కైతే ఇంత ఆలోచన అక్కర్లేదు. తలుపు ఒక్కటే కాబట్టి ఒక వైఫై కెమెరాతో పని అయిపోతుంది.

వైఫై కెమెరా

కెమెరా, దానికో అడాప్టర్, లోపల మైక్రో ఎస్‌డీ కార్డు. అంతే సరంజామా. టాపో, క్యూబో, సీపీ ప్లస్ లాంటి కంపెనీలవి, గదిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పుకునే రకం పదిహేను వందల నుంచి రెండున్నర వేల లోపు దొరుకుతున్నాయి. వానకు తట్టుకునే బయటి రకం ఇంకో వెయ్యి ఎక్కువ. బయట పెట్టేదైతే దుమ్మూ నీళ్లూ తట్టుకుంటుందని చెప్పే ఐపీ65, ఐపీ66 లాంటి రేటింగ్ బాక్సు మీద ఉండాలి. ఫోన్‌లో యాప్ వేసుకుంటే అరగంటలో పని పూర్తి. మైకు, స్పీకరు కూడా ఉంటాయి కాబట్టి గేటు దగ్గర ఎవరో నిలబడితే డల్లాస్ నుంచే "ఎవరండీ?" అని అడగొచ్చు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు అదొక ధైర్యం.

చిక్కు వైఫైతోనే వస్తుంది. చౌక కెమెరాల్లో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌నే పట్టుకుంటాయి. రౌటర్‌లోని 5 గిగాహెర్ట్జ్ పేరుకు కలపబోతే కనెక్ట్ కావు. పీస్ పాడైందనుకుని వాపసు పంపేవాళ్లు కూడా ఉన్నారు. ఇక రౌటర్ హాల్లో టీవీ పక్కన ఉంటుంది, గేటు నలభై అడుగుల దూరంలో, మధ్యలో రెండు గోడలు. కొనే ముందే ఫోన్ పట్టుకుని, కెమెరా పెట్టాలనుకున్న చోట నిలబడి, వైఫై మీద యూట్యూబ్ వీడియో ఒకటి ఆడించి చూడండి. అక్కడ వీడియో ఆగి ఆగి వస్తే కెమెరా కూడా అలాగే ఉంటుంది.

కరెంటు సంగతి ఇంకా ముఖ్యం. దూరం నుంచి చూడాలంటే కెమెరా, రౌటర్, ఫైబర్ బాక్సు మూడూ వెలుగుతూ ఉండాలి. నెట్ ఒక్కటే పోతే కెమెరా కార్డులోకి రికార్డు చేస్తూనే ఉంటుంది, మనకు కనిపించదంతే. కరెంటు పోతే మాత్రం రికార్డింగూ ఉండదు. అందుకే ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఈ మూడింటినీ ఆ లైను మీదికి మార్చాలి. ఇన్వర్టర్ లేకపోతే రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ వెయ్యి, రెండు వేల మధ్య వస్తుంది. రెండో కెమెరా కొనడం కంటే ముందు ఇది కొనాలి.

కార్డు లెక్క కూడా చెప్పుకోవాలి. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున 24 గంటలు రాస్తే రోజుకు 10.8 జీబీ అవుతుంది. అంటే 128 జీబీ కార్డు సుమారు 12 రోజులు వస్తుంది, ఆపైన పాతది చెరిపేసుకుంటూ పోతుంది. క్వాలిటీ పెంచి 2 మెగాబిట్లు చేస్తే ఆరు రోజులే. ఇలా రాత్రీపగలూ రాస్తూ ఉంటే మామూలు ఫోన్ కార్డు త్వరగా అరిగిపోతుంది. కెమెరాల కోసమే చేసిన 'ఎండ్యూరెన్స్' రకం కార్డు తీసుకోవాలి.

దొంగ కెమెరాను ఎత్తుకుపోతే కార్డు కూడా పోతుంది. వైఫై కెమెరాకు అసలైన లోపం ఇదే. రికార్డింగ్‌ను నెట్ ద్వారా కంపెనీ సర్వర్లలో దాచే క్లౌడ్ చందా కడితే ఆ భయం తగ్గుతుంది, కానీ ప్రతి కెమెరాకూ ఏటా డబ్బు. నా ఉద్దేశంలో అన్నింటికీ కట్టనక్కర్లేదు. హాల్లో నుంచి వీధి తలుపు వైపు చూసే కెమెరా ఒక్కదానికి కడితే చాలు. లోపలికి వచ్చినవాడి ముఖం, వాడు కెమెరా దాకా చేరేలోపే బయటికి వెళ్లిపోతుంది.

డీవీఆర్ సెట్

షాపుల్లో 'ఫోర్ కెమెరా సెట్' అంటారు. నాలుగు కెమెరాలు, వాటి వీడియోను రికార్డు చేసే నాలుగు చానెళ్ల డీవీఆర్ పెట్టె, హార్డ్ డిస్క్, బొమ్మకూ కరెంటుకూ తీగలు కలిసి ఉండే త్రీ ప్లస్ వన్ కేబుల్ కట్ట, పవర్ ఇచ్చే ఎస్‌ఎంపీఎస్, కేబుల్ చివర బిగించే బీఎన్‌సీ కనెక్టర్లు. ఫిట్టింగ్‌తో కలిపి ఊరిని బట్టి, కంపెనీని బట్టి పన్నెండు నుంచి పద్దెనిమిది వేల దాకా చెబుతారు. కెమెరాకు మూడు నుంచి నాలుగున్నర వేల చొప్పున పడుతుంది కాబట్టి నాలుగు కావాల్సిన ఇంటికి ఇది ఖరీదైన బేరమేమీ కాదు.

దీని బలమేమిటంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. వైఫై గోడలు దాటుతుందా లేదా అన్న టెన్షన్ లేదు. కెమెరా పగలగొట్టినా అప్పటిదాకా రికార్డైనది లోపల డిస్కులో ఉంటుంది. పైన చెప్పిన లెక్కే వేస్తే నాలుగు కెమెరాలకు రోజుకు 43 జీబీ, 1 టీబీ డిస్కు 23 రోజులు వస్తుంది. వీడియోను ఇంకా చిన్నగా కుదించే హెచ్.265 ఉన్న డీవీఆర్ అయితే అదే డిస్కులో ఇంకా ఎక్కువ రోజులు పడతాయి. కాకపోతే దొంగకు కూడా ఆ పెట్టె సంగతి తెలుసు. టీవీ కింద పెడితే దాన్నే ముందు తీసుకుపోతాడు. గాలి ఆడే అటక మీదో, తాళం ఉన్న గదిలోనో పెట్టించాలి.

ఇంకో సంగతి కొన్నవాళ్లలో ఎక్కువ మందికి తెలియదు. డిస్కు చచ్చిపోయినా తెర మీద నాలుగు బొమ్మలూ మామూలుగానే కనిపిస్తుంటాయి. అన్నీ బాగున్నాయనుకుంటాం. దొంగతనం జరిగిన రోజు వెనక్కి తిప్పి చూస్తే నాలుగు నెలలుగా రికార్డింగే లేదని బయటపడుతుంది. నెలకోసారి డీవీఆర్‌లో ప్లేబ్యాక్ తెరిచి, ముందు రోజు రాత్రి మూడు గంటలప్పుడు పెరటి కెమెరాలో ఏముందో ఒక నిమిషం ఆడించి చూడాలి. పక్కింటి పిల్లి కనిపించినా చాలు, డిస్కు బతికున్నట్టే. గడియారం తేదీ, టైము సరిగా ఉన్నాయో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. టైము తప్పుంటే పోలీసులకు ఇచ్చిన ఫుటేజీ మీద లేనిపోని ప్రశ్నలు వస్తాయి. డిస్కు కూడా కంప్యూటర్లలో వాడేది వద్దు. డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటివి సీసీ కెమెరాల కోసమే చేసినవి.

బాధలు వైరింగ్ దగ్గర. కేబుల్ పైపులో పోనీయకుండా గోడ వెంట వదిలేస్తే ఎండకు పెళుసెక్కుతుంది. కోతులున్న ఊళ్లలో అవి లాగి తెంపుతాయి. వానాకాలం కనెక్టర్లలోకి నీళ్లు దిగి బొమ్మలో గీతలు వస్తాయి, అందుకే ప్రతి జాయింటుకూ డబ్బా వేయించాలి. పిడుగు పడితే పొడవాటి రాగి తీగల మీదుగా డీవీఆర్ దాకా దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. ఎస్‌ఎంపీఎస్ పోతే నాలుగు కెమెరాలూ ఒకేసారి ఆగిపోతాయి, వైఫైవి అయితే ఒకటి పోయినా మిగతావి ఉంటాయి. వీటన్నింటికీ పిలిస్తే వచ్చే మనిషి దగ్గర్లో ఉండాలి. పదో ఊరి నుంచి రావాల్సిన మెకానిక్ దగ్గర రెండు వేలు తక్కువకు వచ్చిందని సెట్ కొనకండి.

నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచే ఎన్‌వీఆర్ అనే ఇంకో రకం రికార్డర్ ఉంది, పీఓఈ అనే సౌకర్యం ఉన్న సెట్ అయితే ఒకే క్యాట్6 నెట్‌వర్క్ కేబుల్ మీద కరెంటూ బొమ్మా రెండూ వెళ్తాయి. బొమ్మ మెరుగ్గా ఉంటుంది, ఖర్చూ పెరుగుతుంది. కొత్త ఇల్లు కడుతూ గోడల్లో పైపులు వేయిస్తున్నవాళ్లు దీన్ని చూడొచ్చు.

సిమ్ కెమెరా

సోలార్ పలక, బ్యాటరీ, లోపల 4జీ సిమ్ ఉన్నవి ఇప్పుడు బాగా అమ్ముతున్నారు. మామిడి తోట, పొలంలో మోటారు షెడ్డు, కోళ్ల ఫారం లాంటి చోట్లకు దీనికి పోటీ లేదు. ఇంటికి మాత్రం నేను వద్దంటాను. 28 రోజుల రీఛార్జికి మూడు వందలే అనుకున్నా ఏడాదికి 13 సార్లు, నాలుగు వేలకు దగ్గర. లైవ్ చూస్తే 1 మెగాబిట్ లెక్కన గంటకు 450 ఎంబీ ఖర్చు. పైగా బ్యాటరీ మీద నడిచేవాటిలో ఎక్కువ శాతం ఆగకుండా రికార్డు చేస్తూ ఉండవు. కదలిక పసిగట్టాక నిద్ర లేస్తాయి, ఆ లేచేలోపు మనిషి దాటిపోవచ్చు.

మెగాపిక్సెళ్ల మాట

సీసీ కెమెరాల అంతర్జాతీయ ప్రమాణాల్లో ఒక లెక్క ఉంది. ముక్కూ మొహం తెలియని మనిషిని గుర్తుపట్టాలంటే మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు పడాలి. రెండు మెగాపిక్సెళ్ల కెమెరా బొమ్మ అడ్డంగా 1920 పిక్సెళ్లు. దాన్ని 250తో భాగిస్తే ఏడున్నర మీటర్ల చిల్లర. విశాలంగా చూసే 2.8 ఎంఎం లెన్సుకు ఆ వెడల్పు సుమారు పది అడుగుల దూరంలోనే వచ్చేస్తుంది. అంతకు మించి దూరంలో ఉన్నవాడు 'ఎవరో ఒక మనిషి' అంతే. మూడు మెగాపిక్సెళ్లకు మారితే ఇంకో రెండడుగులు కలిసొస్తాయి. అదే లెన్సు 3.6 ఎంఎం తీసుకుంటే, రెండు మెగాపిక్సెళ్లతోనే పధ్నాలుగు అడుగుల దాకా ముఖం తెలుస్తుంది, చూసే వెడల్పు తగ్గుతుంది.

కాబట్టి పన్నెండు అడుగుల ఎత్తున సన్‌షేడ్ కింద కెమెరా పెట్టి వీధంతా కనిపిస్తోందని సంబరపడితే లాభం లేదు. అందులో పడేది నెత్తి, టోపీ, హెల్మెట్. ముఖం కావాలంటే తలుపు దగ్గర ఏడెనిమిది అడుగుల ఎత్తున, మనిషి ఎదురుగా నడిచి వచ్చే దిక్కున ఒకటి ఉండాలి. ఫిట్టింగ్ పని పగలు అయిపోతుంది కాబట్టి రాత్రి ఎలా ఉందో ఎవరూ చూడరు. ఆ రాత్రే లైట్లు ఆపి, ఇంట్లోవాళ్లను గేటు నుంచి తలుపు దాకా నడిపించి, రికార్డింగ్‌లో ముఖం తెలుస్తోందో లేదో చూడండి. కిటికీ అద్దం లోపలి నుంచి బయటికి పెట్టిన కెమెరా రాత్రి పనికిరాదు, దాని ఇన్‌ఫ్రారెడ్ వెలుగే అద్దం మీద కొట్టి బొమ్మంతా తెల్లబోతుంది. తలుపు దగ్గర రాత్రంతా వెలిగే ఒక ఎల్‌ఈడీ బల్బు వల్ల వచ్చే స్పష్టత, రెండు వేలు ఎక్కువ పెట్టి కొన్న కెమెరాతో రాకపోవచ్చు.

నేనైతే ఏది కొంటాను

ఇంట్లో ఫైబర్ నెట్ ఉండి, ఇన్వర్టర్ ఉండి, అమ్మానాన్న ఎప్పుడూ ఇంట్లోనే ఉండేవాళ్లయితే రెండు వైఫై కెమెరాలు. వీధి తలుపు దగ్గర బయటి రకం ఒకటి, హాల్లో తలుపు వైపు చూసేది ఒకటి. కార్డులతో, రౌటర్ యూపీఎస్‌తో కలిపి పది వేల లోపు. నాలుగు వైపులా దారి ఉన్న ఇల్లయి, వాళ్లు ఏడాదిలో మూడు నెలలు పిల్లల దగ్గరికి వెళ్లి ఇల్లు తాళం వేసి ఉంటుందంటే డీవీఆర్ సెట్టే మేలు, ఖర్చు కాస్త పెరిగినా సరే. రెండూ కలపొచ్చు కూడా. బయటికి డీవీఆర్, హాల్లో ఒక వైఫై. పడకగదిలో, స్నానాల గది వైపు ఏ కెమెరా వద్దు. హాల్లో పెట్టేది కూడా పెద్దవాళ్లు సరేనంటేనే. వాళ్లింట్లో వాళ్లను అడక్కుండా చూడటం నాకు నచ్చదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇల్లు తాళం వేసి కొద్ది రోజులకు ఊరెళ్లేవాళ్లకు పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్ల నిఘా వ్యవస్థ) పేరుతో ఉచితంగా కెమెరా పెట్టే పద్ధతి తెచ్చారు. మీ జిల్లాలో ఎలా నడుస్తోందో స్టేషన్‌లో కనుక్కోండి. హైదరాబాద్ చుట్టుపక్కల పోలీసుల 'నేను సైతం' కార్యక్రమం కింద కాలనీలవాళ్లు డబ్బులు వేసుకుని వీధి మొగలో కెమెరాలు పెట్టుకున్నారు. అలాంటి కాలనీలో ఉంటే గేటు బయటికి మీరు వేరే కెమెరా పెట్టనక్కర్లేదు.

ఏది కొన్నా పాస్‌వర్డ్ విషయంలో నిర్లక్ష్యం వద్దు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ప్రపంచమంతటా లక్షల కొద్దీ కెమెరాల్లోకి, డీవీఆర్‌లలోకి దూరింది, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌లే దానికి దారి. మన దేశంలో 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీ కెమెరాలు ప్రభుత్వం నిర్దేశించిన భద్రతా పరీక్షలు పాసైతేనే అమ్మాలన్న నిబంధన వచ్చింది. పేరు లేని చౌక సరుకు ముందు పెడితే బాక్సు మీద బీఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ గుర్తు చూపించమనండి. ఫిట్టింగ్‌కు వచ్చిన కుర్రాడు తొందరలో తన మొబైల్ నంబరుతోనే యాప్ అకౌంట్ తెరిచి, దాన్నుంచి మీకు షేర్ చేసి వెళ్లిపోవడం మామూలే. అలా జరిగితే మీ ఇల్లు అతని ఫోన్‌లో కూడా కనిపిస్తూ ఉంటుంది. అకౌంట్ మీ నంబరు మీదే తెరిపించి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీరే టైప్ చేయండి. బిల్లు మీద డీవీఆర్, హార్డ్ డిస్క్ సీరియల్ నంబర్లు రాయించుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వండి.